సభ్యులు వెళ్ళిపోయాక వచ్చిన ఆల్బమ్ ముందుదాని కన్నా నచ్చితే తప్పా? (సిస్టర్స్ ఆఫ్ మెర్సీ, ఫ్లడ్‌ల్యాండ్)

పాతక్యాసెట్

ఇరవై అయిదేళ్ళుగా మోస్తున్న ఒక మొండితనాన్ని ఇవాళ కింద పెడుతున్నాను. తిట్టేవాళ్ళు తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి.

ఇంగ్లండు రాక్ బృందం సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అంటే నాకు ఒక్కటే ఆల్బమ్, 1985 నాటి ఫస్ట్ అండ్ లాస్ట్ అండ్ ఆల్వేస్. హాస్టల్లో ఒక సీనియర్ తొంభై నిమిషాల క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. వేన్ హస్సీ, గ్యారీ మార్క్స్ గిటార్లు జడ అల్లినట్టు అల్లుకుపోతుంటే, కింద క్రెయిగ్ ఆడమ్స్ బేస్ గరగరలాడుతుంటే, అన్నిటికీ అడుగున ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఆండ్రూ ఎల్డ్రిచ్ గొంతు. పరీక్షల ముందు రాత్రుళ్ళు ఆ క్యాసెట్ అరిగిపోయింది.

తర్వాత తెలిసింది, ఆ ముగ్గురూ అదే ఏడాది వెళ్ళిపోయారని, ఎల్డ్రిచ్ ఒక్కడూ అదే పేరుతో 1987లో ఫ్లడ్‌ల్యాండ్ తెచ్చాడని. ఒకసారి స్నేహితుడి ఇంట్లో మొదటి నిమిషం విన్నాను. కీబోర్డులు, డ్రమ్ మెషీన్, అలలాగా ప్రతిధ్వని. మనుషుల్ని పంపేసి యంత్రాలు పెట్టుకున్నాడని మండిపడి లేచి వచ్చేశాను. అప్పటి నుంచి ఆ ఆల్బమ్ పేరు ఎవరు ఎత్తినా మాట మార్చేవాడిని.

పోయిన వారం రాత్రి కరెంటు పోయింది. ఫోనులో ఏదో వింటుంటే దాని తర్వాత అదే వచ్చింది. లేచి మార్చే ఓపిక లేక ఉండనిచ్చాను. మొత్తం విన్నాను. కరెంటు వచ్చినా లైటు వేయలేదు. మళ్ళీ మొదటి నుంచి విన్నాను.

ఇప్పుడు నా అనుమానం ఒక్కటే. ఇది నిజంగా మంచి ఆల్బమా, వయసు మీద పడి నేనే మెత్తబడ్డానా?

నల్లగొడుగు

రెండూ.

పన్నెండుతీగలు

మెత్తబడ్డారు, సందేహం లేదు.

ఒక బృందానికి దాని శబ్దమే ముఖం. సిస్టర్స్‌కు ఆ ముఖం ఇచ్చింది గిటార్లు. హస్సీ 1983 చివర్లో వచ్చి పన్నెండు తీగల గిటార్‌తో మొదటి ఆల్బమ్‌ను మెరిపించాడు. మార్క్స్ అయితే 1980లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో ఎల్డ్రిచ్‌తో కలిసి బృందాన్ని పుట్టించిన మనిషి. ఆ ఇద్దరూ లేనప్పుడు మిగిలింది ఒక గొంతు, ఒక పేరు. ఫ్లడ్‌ల్యాండ్‌ను ఎల్డ్రిచ్ సొంత పేరుతో విడుదల చేసి ఉంటే నాకు పేచీ లేదు. ఏరు దాటి తెప్ప తగలేసినవాడు తెప్ప పేరు మాత్రం ఎందుకు ఉంచుకున్నట్టు?

హస్సీ, ఆడమ్స్ కలిసి ది మిషన్ పెట్టి 1986లోనే మొదటి ఆల్బమ్ తెచ్చారు. గిటార్లు కావాలనుకున్నవాళ్ళు అటు వెళ్ళండి.

లీడ్స్‌లావణ్య

పన్నెండుతీగలు గారు సగం కథ చెప్పారు. తెప్ప తగలేసింది ఎల్డ్రిచ్ కాదు, వాళ్ళే దిగి వెళ్ళిపోయారు. వెళ్ళాక ది సిస్టర్‌హుడ్ అని పేరు పెట్టుకున్నారు. పాత బృందం అభిమానులు తమను తాము పిలుచుకునే పేరు అది. ఎల్డ్రిచ్‌కు ఒళ్ళు మండింది. 1986 జనవరిలో తనే ఆ పేరుతో ఒక పాట విడుదల చేసేశాడు. పేరు ముందు ఎవరు వాడితే వాళ్ళది! అప్పుడు వీళ్ళు ది మిషన్ అని మార్చుకున్నారు. ఎల్డ్రిచ్ అంతటితో ఆగక అదే సిస్టర్‌హుడ్ పేరుతో ఒక పూర్తి ఆల్బమ్ కూడా తెచ్చాడు. దాని పేరు గిఫ్ట్. ఇంగ్లీషులో బహుమతి, జర్మన్‌లో విషం. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రెంచి, జర్మన్ చదివినవాడు. అర్థం తెలియక పెట్టిన పేరు కాదు.

నేను లీడ్స్‌లో రెండేళ్ళు చదువుకున్నాను. అక్కడ పాత రికార్డుల దుకాణంలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎవరు ఫ్లడ్‌ల్యాండ్ కొన్నా చిల్లర ఇచ్చేటప్పుడు ముఖం చిట్లించేవాడు, మొదటి ఆల్బమ్ కొంటే నవ్వేవాడు. పన్నెండుతీగలు గారిని చదువుతుంటే ఆయనే గుర్తొచ్చాడు.

పన్నెండుతీగలు

ఆ పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి.

బ్యాండుమేళం

పేరు గొడవ చదువుతుంటే మా ఊరు గుర్తొచ్చింది. మా చిన్నాన్న పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. అన్నదమ్ములు విడిపోయి ఒకే పేరుతో రెండు బ్యాండులు అయ్యాయి. ఒకరు "అసలు" అని చేర్చారు, మరుసటి నెలలో రెండోవారు "అసలైన" అని రాయించారు. డ్రమ్ము ఒకరి దగ్గర, చొక్కాలు ఒకరి దగ్గర. ఒక పెళ్ళికి పొరపాటున ఇద్దరికీ బయానా ముట్టింది. ఊరేగింపులో ముందు ఒకరు, వెనక ఒకరు, రెండు వేర్వేరు పాటలు. గుర్రం బెదిరి పెళ్ళికొడుకును కాలువ గట్టున దింపేసింది.

దాని ముందు ఎల్డ్రిచ్, హస్సీల తగాదా మర్యాదస్తుల వ్యవహారమే.

నల్లగొడుగు

చిన్నాన్నగారు అసలా, అసలైనా?

బ్యాండుమేళం

చొక్కాల వైపు.

గొంతువిను

నవ్వులు అయ్యాక పాతక్యాసెట్ గారి ప్రశ్నకు వద్దాం. నేను రికార్డింగ్ పనిలో ఉన్నవాడిని కాబట్టి చెవికి అందేది చెప్తాను.

మొదటి ఆల్బమ్‌లో గొంతుకు చోటు లేదు. రెండు గిటార్లు మధ్యస్థాయి మొత్తం ఆక్రమించాయి. అందుకే పాతక్యాసెట్ గారికి బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. అది అందమే, కాదనను. ఫ్లడ్‌ల్యాండ్‌లో ఆ గిటార్లు వెళ్ళిపోయాయి, వాటి చోటు ఖాళీ అయింది. మరొకడైతే ఆ ఖాళీని ఇంకో ఇద్దరు గిటారిస్టులతో నింపేవాడు. ఎల్డ్రిచ్ నింపలేదు. అడుగున బేస్, డ్రమ్ మెషీన్. పైన ఎక్కడో దూరంగా కీబోర్డు తెరలు, బృందగానం. మధ్యలో విశాలమైన మైదానం. ఆ మైదానంలో గొంతు ఒక్కటే నడుస్తుంది. గిటార్ ఉంది, కానీ గోడలా కాదు, అప్పుడప్పుడు మెరిసి పోతుంది.

లోపాన్ని దాచుకోకుండా దాన్నే కట్టడంగా మార్చుకున్నాడు. ఈ ఆల్బమ్‌లో నాకు నచ్చేది అదే. ముగ్గురు వెళ్ళిపోయిన ఇంట్లో సామాను జరపకుండా, ఆ ఇంటి ప్రతిధ్వనినే రికార్డు చేసినట్టు ఉంటుంది.

ఫ్లడ్ వన్, ఫ్లడ్ టూ అని ఒకే పేరుతో రెండు పాటలున్నాయి, ఎల్‌పీలో (పెద్ద గ్రామఫోన్ రికార్డులో) రెండు వైపులా ఒక్కొక్కటి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటిది వినండి. డ్రమ్ మెషీన్ దెబ్బ పడ్డాక ఆ ప్రతిధ్వని ఎంతసేపు సాగుతుందో లెక్కపెట్టండి. మొదటి ఆల్బమ్‌లో అంత తీరిక ఏ దెబ్బకూ దొరకలేదు.

పాతక్యాసెట్

ఇదే, నేను చెప్పలేకపోయింది ఇదే. చీకట్లో విన్నప్పుడు గది పెద్దదైనట్టు అనిపించింది. కరెంటు లేకపోవడం వల్ల అనుకున్నాను.

చింతచెట్టుకింద

కొత్తగా చేరాను, అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. గోథిక్ రాక్ అంటే ఏమిటి? దయ్యాల పాటలా?

నల్లగొడుగు

నల్ల బట్టలు, పొగ, బాధ. పొగ తప్పనిసరి. సిస్టర్స్ కచేరీల్లో పొగ ఎంత దట్టంగా ఉండేదంటే వేదిక మీద ఉన్నది ఎందరో తెలిసేది కాదు. సభ్యులు వెళ్ళిపోయినా జనం గమనించకుండా ముందు జాగ్రత్త అని నా సిద్ధాంతం.

లీడ్స్‌లావణ్య

చింతచెట్టుకింద గారూ, నల్లగొడుగు మాట నమ్మకండి, సగమే నిజం. 1970ల చివర ఇంగ్లండులో పంక్ అనే మొరటు, వేగపు రాక్ వేడి చల్లారాక కొన్ని బృందాలు అదే పొదుపైన వాయిద్యాలతో నెమ్మదిగా, చీకటిగా వాయించడం మొదలుపెట్టాయి. ముందుకు తోసిన బేస్, ప్రతిధ్వని పూసిన గిటార్, మంద్ర స్వరం. బావ్‌హౌస్, సూక్సీ అండ్ ద బాన్షీస్, ద క్యూర్ 1980ల తొలినాటి ఆల్బమ్‌లు వినండి. తమాషా ఏమిటంటే, ఎల్డ్రిచ్ తనది గోథిక్ సంగీతమే కాదంటాడు. ఎన్నేళ్ళుగానో అంటూనే ఉన్నాడు, ఎవరూ వినిపించుకోరు.

హార్మోనియంపెట్టె

నాకు ఈ ఆల్బమ్‌లో ఒక్క అభ్యంతరం ఉంది. దిస్ కరోషన్. దాదాపు పదకొండు నిమిషాలు! నలభై మందితో బృందగానం! తీసుకొచ్చింది ఎవరిని? జిమ్ స్టైన్‌మన్‌ని. గాయకుడు మీట్ లోఫ్‌కు పాటలు రాసి, ప్రతిదాన్నీ పెళ్ళిపందిరి చేసే మనిషి. రెండు మాటల్లో తేలే విషయానికి అంత ఆర్భాటం ఎందుకు?

గొంతువిను

మీ పేరు హార్మోనియంపెట్టె, ఆర్భాటం వద్దంటారా? పద్యనాటకం చూడలేదా? పద్యం నాలుగు పాదాలు, రాగం నాలుగు నిమిషాలు. అర్థం ఎప్పుడో అయిపోతుంది, అయినా నటుడు ఆఖరి అక్షరం పట్టుకుని సాగదీస్తాడు, హార్మోనియం వెంబడిస్తుంది, వెనక బెంచీ నుంచి వన్స్‌మోర్ పడుతుంది. అక్కడ కథను ముందుకు నడపమని ఎవరూ అడగరు. దిస్ కరోషన్‌ను అలా వినండి.

పైగా అది వెళ్ళిపోయిన హస్సీని ఎద్దేవా చేస్తూ రాసిన పాట అంటారు. ఎద్దేవా చేయడానికి నలభై మందిని పిలిపించాడంటే ఆ కోపం ఏ పాటిదో చూడండి. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారు, ఈయన బృందగానం మీద చూపించాడు.

హార్మోనియంపెట్టె

మా తాతగారు పద్యనాటకాల్లో హార్మోనిస్టు. ఆయన దగ్గర ఉన్నప్పుడు రాగం సాగదీసే నటుడిని ఎలా ఆపాలో కూడా నేర్చుకున్నాను. శ్రుతి మెల్లగా తగ్గిస్తే చాలు, తనే దిగి వచ్చేస్తాడు. స్టైన్‌మన్‌కు అలా తగ్గించేవాళ్ళు లేకపోయారు.

అయినా మీ మాట విని ఇవాళ మళ్ళీ వింటాను.

బేస్‌వాణి

ఇన్ని పోస్టులు అయ్యాయి, పాట్రీషియా మారిసన్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఆల్బమ్ అట్ట మీద ఎల్డ్రిచ్ పక్కన ఉన్నది ఎవరనుకున్నారు?

అమెరికా మనిషి. అంతకు ముందు గన్ క్లబ్ అనే బృందంలో బేస్ వాయించింది. ఫ్లడ్‌ల్యాండ్ కాలంలో అధికారికంగా బృందం అంటే వాళ్ళిద్దరే. నేను బేస్ పట్టుకోవడానికి కారణం లుక్రీషియా మై రిఫ్లెక్షన్. ఆ పాట అంతా ఒకే బేస్ వరుస మీద రైలింజను లాగా నడుస్తుంది. మొదటి వారంలో వేళ్ళు బొబ్బలెక్కాయి. ఇంట్లోవాళ్ళు "అమ్మాయీ, ఇంకో పాట రాదా" అని అడిగేవాళ్ళు. వచ్చు, కానీ ఇదే కావాలి.

పన్నెండుతీగలు

ఆ బేస్ ఆమె వాయించలేదని ఎల్డ్రిచ్ స్వయంగా అన్నాడు కదా. అంటే ఉన్న ఒక్క కొత్త సభ్యురాలు కూడా అట్ట మీద బొమ్మే. నా వాదనకు ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

బేస్‌వాణి

ఎల్డ్రిచ్ అన్నాడు. విడిపోయాక అన్నాడు. విడిపోయినవాళ్ళ గురించి ఆయన మంచి మాట చెప్పిన సందర్భం ఒకటి చూపించండి, అప్పుడు నమ్ముతాను. మార్క్స్, హస్సీ, ఆడమ్స్, తర్వాత ఈమె. ఒక మనిషి దగ్గర నుంచి వెళ్ళిన ప్రతి ఒక్కరూ పనికిరానివాళ్ళే అయితే లెక్క ఎక్కడో తప్పినట్టే కదా. ఆమె తర్వాత ద డామ్డ్ అనే బృందంలో ఏళ్ళ తరబడి వేదిక మీద వాయించింది. బేస్ రానిమనిషి అక్కడ అన్నేళ్ళు నిలబడుతుందా?

సరే, స్టూడియోలో ఎవరు వాయించారో మనం చూడలేదు. కానీ నాకు ఒక ఊరిలో, ఒక అద్దె గదిలో, బేస్ పట్టుకున్న ఒక స్త్రీ బొమ్మ దారి చూపించింది. ఆ పాట కూడా ఆమెను దృష్టిలో పెట్టుకుని రాసిందేనని అంటారు.

పన్నెండుతీగలు

ఈ ఒక్క విషయంలో నేను నోరు జారాను. బొమ్మ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నల్లగొడుగు

తేదీ రాసి పెట్టుకోండి. పన్నెండుతీగలు గారు మాట వెనక్కి తీసుకున్నారు. నేను పదేళ్ళుగా ఇక్కడే ఉన్నాను, ఇది మొదటిసారి.

పన్నెండుతీగలు

ఆల్బమ్ గురించి తీసుకోలేదు.

గోడగడియారం

అందరూ మనుషుల గురించే కొట్టుకుంటున్నారు. మొదటి రోజుల నుంచి ఇప్పటి దాకా ఎల్డ్రిచ్‌ను వదలకుండా ఉన్న ఒకే ఒక్క సభ్యుడిని మరిచిపోయారు. డాక్టర్ అవలాంచ్.

చింతచెట్టుకింద

ఆయన ఎవరు? డ్రమ్మరా?

గోడగడియారం

డ్రమ్ మెషీన్. బృందం పుట్టిన కొత్తలోనే ఆ పేరు పెట్టారు. యంత్రాలు మారుతూ వచ్చాయి, పేరు మాత్రం అదే. పాతక్యాసెట్ గారు "మనుషుల్ని పంపేసి యంత్రాలు పెట్టుకున్నాడు" అన్నారు కదా, మీరు హాస్టల్లో అరగదీసిన క్యాసెట్‌లో డప్పు కొట్టింది కూడా యంత్రమే. 1982లో వచ్చిన ఆలిస్ పాటలో కూడా యంత్రమే. ఇన్నేళ్ళూ దాన్ని ప్రేమించారు, ఎవరని అడగలేదు.

పాతక్యాసెట్

నిజం చెప్తున్నాను, ఇరవై అయిదేళ్ళు అది మనిషే అనుకున్నాను. ఇంత కచ్చితంగా కొడుతున్నాడే, కఠినమైన మనిషి అయి ఉంటాడని మనసులో ఒక రూపం కూడా ఊహించుకున్నాను. బక్కపలచగా, మీసాలతో.

నల్లగొడుగు

డాక్టర్ గారికి మీసాలు. ఇవాల్టికి ఇది చాలు నాకు.

ఎల్బేఒడ్డు

పదేళ్ళుగా హాంబర్గ్‌లో ఉంటున్నాను కాబట్టి ఒక సంగతి చేరుస్తాను. ఎల్డ్రిచ్ ఆ రోజుల్లో ఇక్కడే ఉండేవాడు. ఇది నీళ్ళ ఊరు. ఎల్బే నది, కాలువలు, వంతెనలు. 1962 ఫిబ్రవరిలో ఉత్తర సముద్రపు తుపానుకు గట్లు తెగి ఊళ్ళో మూడు వందల మందికి పైగా పోయారు. ఇప్పటికీ పాత ఇళ్ళ గోడల మీద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గుర్తులుంటాయి. శీతాకాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, రేవు నుంచి ఓడల కూత వినిపిస్తుంది. ఫ్లడ్ టూ వింటూ రేవు పక్కన నడిస్తే ఆ పాటకు వేరే వివరణ అక్కరలేదు.

ఆల్బమ్ మొదటి పాట డొమినియన్ చివర మదర్ రష్యా భాగం వస్తుంది కదా, దాన్ని నేను చెర్నోబిల్ వానగా వింటాను. 1986 ఏప్రిల్‌లో అక్కడి అణు కేంద్రంలో ప్రమాదం, తర్వాతి రోజుల్లో ఆ అణుధూళి మబ్బు జర్మనీ మీదుగా పోయింది. మా పక్కింటి ముసలావిడ చెప్పేది, ఆ వేసవిలో పిల్లల్ని ఇసుకలో ఆడనివ్వలేదని, పాలు కూడా ఆలోచించి కొన్నారని. ఆల్బమ్ 1987 నవంబరులో వచ్చింది. పైనుంచి పడేది మామూలు వాన కాదనే భయం అప్పటికి ఇక్కడ ఇంకా పచ్చిగానే ఉంది.

డొమినియన్ వీడియోను మాత్రం జోర్డాన్‌లో పెట్రా శిథిలాల మధ్య తీశారు. పాట నిండా నీళ్ళు, బొమ్మ నిండా ఎడారి!

హార్మోనియంపెట్టె

మళ్ళీ విన్నాను. దిస్ కరోషన్ గురించి నా అభిప్రాయం మారలేదు. ఆరు నిమిషాల దగ్గర శ్రుతి తగ్గించాలనిపించింది. కానీ దాని ముందు పాట ఉంది చూడండి, 1959. అది నన్ను పట్టేసింది. ఒక పియానో, ఒక గొంతు, అంతే. డ్రమ్ము లేదు, బేస్ లేదు, పొగ లేదు.

మా అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఇలాంటి పాటలు అసలు గిట్టవు. కాసేపు విని "పాపం, ఎవరో ఏడవడానికి సిగ్గుపడి పాడుతున్నాడు" అని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

గొంతువిను

మీ అమ్మగారు ఈ వేదికలో చేరాలి. నేను అంత పొడుగు రాసి చెప్పలేనిది ఒక్క ముక్కలో చెప్పారు.

1959 ఎల్డ్రిచ్ పుట్టిన సంవత్సరం. దాని స్థానం కూడా చూడండి. ఎల్‌పీలో మొదటి వైపు ఆఖరి పాట. ఒంటరి పియానో ఆగిపోతుంది, మీరు లేచి రికార్డు తిప్పుతారు, నలభై మంది ఒక్కసారిగా గొంతెత్తుతారు. సీడీలోనో ఫోనులోనో వింటే ఆ తిప్పే విరామం ఉండదు, అందుకే దిస్ కరోషన్ మీద పడినట్టు ఉంటుంది. హార్మోనియంపెట్టె గారి విసుగులో సగం దానివల్లే అని నా అనుమానం.

హార్మోనియంపెట్టె

లేచి ఒకసారి మంచినీళ్ళు తాగి వచ్చి వింటాను, అదీ చూద్దాం.

పన్నెండుతీగలు

అందరూ ఒకవైపు చేరారు కాబట్టి నా వైపు నుంచి ఆఖరి పెద్ద పోస్టు.

నేను ఫ్లడ్‌ల్యాండ్ చెడ్డదని ఎప్పుడూ అనలేదు, పైన వెతుక్కోండి. బ్రిటన్ అమ్మకాల పట్టికలో తొమ్మిదో స్థానం దాకా వెళ్ళింది, దిస్ కరోషన్ ఏడు దాకా ఎక్కింది. మొదటి ఆల్బమ్ పద్నాలుగు దగ్గర ఆగిపోయింది. జనం మెచ్చారు, ఒప్పుకుంటాను. నా బాధ వేరు. నేను కాలేజీ రోజుల్లో ఒక బృందంలో గిటార్ వాయించాను. నలుగురం. మూడేళ్ళు ఒకే గదిలో సాధన. పాడేవాడు ఒకరోజు మాకు చెప్పకుండా, మేము నలుగురం కట్టిన వరుసల్ని కీబోర్డు పెట్టుకుని ఒక్కడే ఒక పోటీలో పాడి బహుమతి తెచ్చుకున్నాడు. బాగా పాడాడు. అదే అసలు సమస్య. బాగుండకపోతే నవ్వుకుని మరిచిపోయేవాళ్ళం. వాడికి మేము అక్కరలేదని వాడు రుజువు చేశాడు.

ఫ్లడ్‌ల్యాండ్ వేసిన ప్రతిసారీ నాకు ఆ సభ గుర్తొస్తుంది. వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను మరి.

బేస్‌వాణి

ఇది ముందే చెప్పి ఉంటే మీతో అంత గట్టిగా వాదించేదాన్ని కాదు.

పన్నెండుతీగలు

వాదించండి. వాదన వల్లే కదా ఇంత దూరం వచ్చాను.

గోడగడియారం

పన్నెండుతీగలు గారూ, ఒక తేడా మాత్రం ఉంది. మీవాడు మీ వరుసలే పాడాడు. ఎల్డ్రిచ్ హస్సీ వరుసలు వాడుకోలేదు, కొత్తగా రాసుకున్నాడు. విడిపోయి పదేళ్ళయ్యాక, 1995లో, మార్క్స్ ఒక కొత్త ఆల్బమ్ కోసం కొంత సంగీతం తయారు చేసి ఇస్తే, ఎల్డ్రిచ్ దాన్ని కూడా వాడలేదు. మార్క్స్ చాలా ఏళ్ళ తర్వాత దాన్ని తన సొంత ఆల్బమ్‌గా తెచ్చుకున్నాడు. ఫ్లడ్‌ల్యాండ్ తర్వాత కూడా వాళ్ళను పంపేసి గెలిచాననే ధోరణిలో ఊరేగలేదు. ఆ ఆల్బమ్‌కు కచేరీలే చేయలేదు. 1985 జూన్‌లో రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీ తర్వాత మళ్ళీ వేదిక ఎక్కింది 1990లోనే, విజన్ థింగ్ ఆల్బమ్ కాలానికి. అప్పుడు మళ్ళీ గిటారిస్టులు కావలసి వచ్చారు.

పన్నెండుతీగలు

కావలసి వచ్చారు కదా! ఆ ముక్క పెద్ద అక్షరాల్లో రాయండి.

ఎల్బేఒడ్డు

మీకు ఒక మందు ఉంది. డ్రివెన్ లైక్ ద స్నో వినండి. మొదటి ఆల్బమ్‌లో నైన్ వైల్ నైన్ ఉంది చూడండి, చలిలో స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డ మనిషి పాట, మీ మార్క్స్ సంగీతం. నాకు ఈ రెండూ ఒకే మనిషి కథలా వినిపిస్తాయి. అక్కడ ఇంకా ఎదురుచూస్తున్నాడు, ఇక్కడ ఎదురుచూడడం మానేశాడు. రెండిటినీ ఒకదాని వెంట ఒకటి వేసి చూడండి.

పన్నెండుతీగలు

చూశాను.

నల్లగొడుగు

చూసి?

పన్నెండుతీగలు

రెండోసారి చూస్తున్నాను. మాట్లాడించకండి.

లీడ్స్‌లావణ్య

పాతక్యాసెట్ గారూ, ఒక ప్రశ్న మొదటి నుంచీ అడగాలనుకుంటున్నాను. మొదటి ఆల్బమ్ నలభై అయిదు నిమిషాలకు అటూ ఇటూ ఉంటుంది. మీ సీనియర్ ఇచ్చింది తొంభై నిమిషాల క్యాసెట్. రెండో వైపు ఏముంది?

పాతక్యాసెట్

సినిమా పాటలు. నేనే ఎక్కించాను.

లీడ్స్‌లావణ్య

దాని కింద ముందు ఏముండేది?

పాతక్యాసెట్

ఖాళీ అనుకున్నాను. ఒకవైపే ఎక్కించి ఇచ్చాడనుకున్నాను. ఆగండి, ఇప్పుడు మీరు అడిగాక నాకూ గుబులుగా ఉంది. ఆయన నంబరు ఉంది, రేపు ఫోను చేస్తాను.

చింతచెట్టుకింద

ఈలోపు నేను లుక్రీషియా విన్నాను. దయ్యాల పాట కాదు. బాగుంది. తర్వాత ఏది వినాలి?

బేస్‌వాణి

మళ్ళీ అదే.

గొంతువిను

వాణిగారి మాట పక్కన పెట్టి, ఆల్బమ్ మొదటి పాట నుంచి వరసగా వినండి. ఆఖరున నెవర్ ల్యాండ్ వస్తుంది, అది ఒక తునకే. ఎల్‌పీలో అక్కడితో అయిపోతుంది. సీడీలో, క్యాసెట్‌లో టార్చ్ అనే పాట అదనంగా ఉంటుంది. మొదటిసారి మాత్రం నెవర్ ల్యాండ్ దగ్గర ఆపేయండి.

పాతక్యాసెట్

ఫోను చేశాను. ఆయన ఇప్పుడు ఏదో ఫ్యాక్టరీలో మేనేజరు, ఇద్దరు పిల్లలు. గుర్తుపట్టడానికి అయిదు నిమిషాలు పట్టింది. క్యాసెట్ మాట ఎత్తగానే వెంటనే గుర్తుపట్టాడు.

రెండో వైపు ఫ్లడ్‌ల్యాండ్ ఉండేదట. పట్టక ఆఖరి పాట తెగిపోయిందట కూడా. ఆ వైపే అసలు వినాల్సింది, మొదటి వైపు అలవాటు పడడానికి ఎక్కించానన్నాడు. "రెండోది నచ్చిందా తమ్ముడూ, నువ్వు ఎప్పుడూ చెప్పలేదు" అని అడిగాడు.

నల్లగొడుగు

ఏం చెప్పారు?

పాతక్యాసెట్

ఇప్పుడిప్పుడే వింటున్నానని చెప్పాను.

బ్యాండుమేళం

అది సరే, దాని మీద ఎక్కించింది ఏ సినిమా?

పాతక్యాసెట్

చెప్పను.